ఓవెన్స్ లోయను టోపో మ్యాపుల్లో చదవడం: నీలం గీత వెంట ఒక సమగ్ర మార్గదర్శి

లాస్ ఏంజెలెస్ నుంచి మామత్ లేక్స్‌కి మంచు చూడడానికో, విట్నీ పోర్టల్ దగ్గర నడకకో బయల్దేరే మన తెలుగువాళ్లు చాలామంది 395 హైవే మీద ఓవెన్స్ లోయ గుండా పోతారు. ఉత్తరానికి పోతుంటే ఎడమపక్క సియెర్రా నెవాడా, కుడిపక్క బోసిగా ఇన్యో పర్వతాలు, మధ్యలో బూడిదరంగు పొదలు. కారు అద్దంలోంచి చూసి ఇక్కడ ఏమీ లేదనుకుని, కాఫీకి ఎక్కడ ఆగుదామా అని ఆలోచిస్తారు.

సుమారు 75 మైళ్ల పొడవున్న ఈ లోయలో ఒకప్పుడు ఆవిరి పడవ తిరిగిన సరస్సు ఉండేది. రైలు ఉండేది. ఆపిల్ తోటలు ఉండేవి. పదివేలమందిని బంధించిన శిబిరమూ ఉండేది. వీటన్నిటి ఆనవాళ్లూ టోపో మ్యాపుల్లో, అంటే నేల ఎత్తుపల్లాలను గీతలతో చూపించే మ్యాపుల్లో, ఉన్నాయి. అయితే ఒక్క మ్యాపు చాలదు. వేర్వేరు కాలాల షీట్లను పక్కపక్కన పెట్టి ఒకే ప్రశ్న అడుగుతూ పోవాలి: ఈ నీలం గీత ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, దాన్ని ఆపింది నేలా, మనిషా? కింది అడుగులన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

అడుగు 1: షీట్లు సమకూర్చుకోవడం

అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ తన పాత టోపో షీట్లను స్కాన్ చేసి, టోపోవ్యూ అనే సైట్‌లో ఉచితంగా పెట్టింది. ఊరి పేరు కొట్టి మ్యాపు మీద నొక్కితే ఆ చోటికి సంబంధించిన షీట్లన్నీ సంవత్సరాల వారీగా వస్తాయి. కంప్యూటర్‌లో ఒకదానిమీద ఒకటి పరచాలనుకుంటే, భూమ్మీద ఎక్కడుందో సమాచారం కూడా ఉండే జియోటిఫ్ ఫైలు దించుకోండి. ఊరికే చూడడానికైతే జేపెగ్ చాలు.

ఓవెన్స్ లోయకు మూడు తరాల షీట్లు కావాలి. మొదటిది మౌంట్ విట్నీ షీట్, స్కేలు 1:125,000. దీని సర్వే 1905లో జరిగింది, అచ్చయింది 1907లో. రెండోది 1950ల నాటి 1:62,500 షీట్లు. వీటిలో ఇండిపెండెన్స్, లోన్ పైన్ అనే రెండు ముఖ్యం. మూడోది 1:24,000 షీట్లు. లోన్ పైన్, మాంజనార్ పేర్లతో ఉన్నవాటితో మొదలుపెట్టండి.

ఒక చిక్కుంది. మౌంట్ విట్నీ షీట్ 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం దగ్గర ఆగిపోతుంది. ఓవెన్స్ సరస్సు దాదాపు అంతా దానికి దక్షిణంగా ఉంటుంది. పైగా 118 డిగ్రీల రేఖాంశం సరస్సు పడమటి అంచును కోస్తూ పోతుంది. అందుకని సరస్సు కోసం పక్కనున్న ఒలాంచా షీట్, 1:250,000 స్కేలులో ఉన్న బల్లరాట్ షీట్ కూడా దించుకోవాలి. షీట్ల సరిహద్దులు గీసినవాళ్లకు సరస్సుతో పనిలేదు, డిగ్రీలతోనే పని.

2009 నుంచి వస్తున్న యూఎస్ టోపో అనే కొత్త వరుస కూడా ఉంది. దాన్ని రోడ్ల కోసం వాడండి, చరిత్ర కోసం కాదు. కంప్యూటర్ డేటాబేసుల్లోంచి కుట్టిన మ్యాపులవి. పాత సర్వేయర్లు నడిచి చూసి గుర్తుపెట్టిన గనులు, శిథిలాలు, పాడుపడ్డ బాటల్లాంటివి వాటిలో చాలావరకు కనిపించవు.

అడుగు 2: బొమ్మకన్నా ముందు అంచు చదవండి

చాలామంది వదిలేసే పని ఇది. షీట్ కింది అంచులో నాలుగు విషయాలు చూసి ఒక కాగితం మీద రాసుకోండి: సర్వే ఏడాది, అచ్చు ఏడాది, స్కేలు, కాంటూర్ అంతరం. కాంటూర్ అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత, అంతరం అంటే పక్కపక్క గీతల మధ్య ఎత్తు తేడా.

సర్వే ఏడాదీ అచ్చు ఏడాదీ ఒకటి కావు. 1907 షీట్‌లో మీరు చూసేది 1905 నాటి నేల. ఈ లోయ చరిత్రలో ఆ తేడా చిన్నది కాదు. లాస్ ఏంజెలెస్ నగరం ఇక్కడి నీటిని కొనేస్తోందన్న సంగతి పత్రికలకెక్కింది 1905 జులై చివర్లోనే. అంటే ఆ షీట్ లోయ అమ్ముడుపోతున్న ఏడాది తీసిన ఫొటో.

స్కేలు సంగతి తేలికే. 1:24,000లో ఒక అంగుళానికి 2,000 అడుగులు. 1:62,500లో అంగుళానికి దాదాపు ఒక మైలు, 1:125,000లో రెండు మైళ్లు. కాంటూర్ అంతరం 1907 షీట్‌లో 100 అడుగులు, 1:62,500 షీట్లలో సాధారణంగా 80, 1:24,000 షీట్లలో 40. కొన్ని షీట్లు మీటర్లలో ఉంటాయి కాబట్టి లెక్క మొదలుపెట్టే ముందు అంచు తప్పకుండా చూడండి.

రంగుల దగ్గర మనవాళ్లకు ఒక హెచ్చరిక. కాలేజీలోనో పోటీ పరీక్షల కోసమో సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు చదివినవాళ్లకు ఎండిన వాగును నల్లగా గీయడం అలవాటు. యూఎస్‌జీఎస్ పద్ధతి అది కాదు. ఏడాది పొడవునా పారే వాగును నిండు నీలం గీతతో, వానలకో మంచు కరిగినప్పుడో మాత్రమే పారే వాగును గీత-చుక్క వరుసలో నీలంగానే చూపిస్తారు. ఎడారి షీట్ మీద ఇంత నీలం ఉందేమిటని ఆశ్చర్యపోయే ముందు అవి నిండు గీతలా, తెగిన గీతలా చూడండి. గోధుమరంగు కాంటూర్లకు, నలుపు మనిషి కట్టినవాటికి. 1907 షీట్‌లో ఈ మూడు రంగులే ఉంటాయి. తర్వాతి షీట్లలో అడవికి ఆకుపచ్చ వచ్చింది. ఊదారంగు కనిపిస్తే, నేల మీద మళ్లీ సర్వే చేయకుండా విమానం ఫొటోలు చూసి చేర్చిన మార్పులని అర్థం.

అడుగు 3: లోయకు అడ్డంగా ఒక కోత గీయండి

మౌంట్ విట్నీ శిఖరం నుంచి లోన్ పైన్ ఊరి మీదుగా ఇన్యో శిఖరాల దాకా స్కేలు పెట్టి ఒక గీత గీయండి. గీతను ఒక కాగితం అంచుకి ఆనించి, ప్రతి ఐదో కాంటూర్ దగ్గర, అంటే లావుగా అచ్చు వేసిన ప్రతి గీత దగ్గర, ఎత్తు రాసుకోండి. తర్వాత గళ్ల కాగితం మీద ఆ ఎత్తులను చుక్కలుగా పెట్టి కలపండి. అరగంట పని. సాఫ్ట్‌వేర్ దీన్ని క్షణంలో చేసిపెడుతుంది గానీ, మొదటిసారి చేత్తో చేస్తేనే ఈ లోయ మనసుకెక్కుతుంది.

విట్నీ ఎత్తు 14,505 అడుగులు. లోన్ పైన్ సుమారు 3,730. మధ్య దూరం గాలిలో 13 మైళ్లు. అంటే 13 మైళ్లలో దాదాపు 10,800 అడుగుల దిగుడు. 1907 షీట్‌లో సుమారు 108 కాంటూర్లు దాటాలి. వాటిలో ఎక్కువ భాగం పడమటి సగంలోనే కిక్కిరిసి ఉంటాయి. కొన్నిచోట్ల గోధుమ గీతలు కలిసిపోయి మరకలా కనిపిస్తాయి. అక్కడినుంచి తూర్పుకు వస్తే గీతలు ఒక్కసారిగా విడిపోయి సమాన దూరంలో సాగుతాయి. తర్వాత చదునైన నేల, నది, ఆ వెంటనే ఇన్యో పర్వతాల చెంత మళ్లీ గుంపులు.

మీరు గీసిన కోతలో రెండు నిటారు అంచులు, మధ్య చదును అడుగు కనిపిస్తాయి. నది కోసిన లోయ ఇలా ఉండదు. అలాంటి లోయ వీ ఆకారంలో దిగుతుంది, నదికీ లోయ వెడల్పుకీ పొంతన ఉంటుంది. ఇక్కడ ఇంత చిన్న నదికి ఇంత పెద్ద లోయ! రెండువైపులా పగుళ్ల వెంట మధ్య నేల కుంగడంతో ఏర్పడిన లోయ ఇది. కుంగిన గుంతను పర్వతాల నుంచి కొట్టుకొచ్చిన రాయీ ఇసుకా వేల అడుగుల మందాన నింపాయి.

ఇది ఎడారి కావడానికి కారణం కూడా ఈ కోతలోనే ఉంది. పసిఫిక్ నుంచి వచ్చే మేఘాలు ఆ పడమటి గోడ ఎక్కుతూనే తేమంతా మంచుగా కురిపించేస్తాయి. లోయ అడుగుకు దక్కేది ఏడాదికి ఐదారు అంగుళాల వాన. అనంతపురం జిల్లా కూడా వర్షచ్ఛాయలోదే, అయినా అక్కడ ఇంతకు దాదాపు నాలుగు రెట్లు పడుతుంది. కానీ ఇక్కడ నెత్తిమీదే మంచు నిల్వ ఉంటుంది. ఎండాకాలంలో అది కరిగి వాగులై దిగుతుంది. వాన లేకపోయినా నీళ్లున్న లోయ ఇది. దీని కష్టాలన్నిటికీ మూలం అదే.

పాత పుస్తకాల్లో విట్నీ ఎత్తు 14,494 అడుగులని చూసి కంగారు పడకండి. పర్వతం పెరగలేదు. ఎత్తు కొలవడానికి ఆధారంగా తీసుకునే సముద్రమట్టం లెక్క మారింది. వేర్వేరు కాలాల షీట్లలో ఎత్తులు పోల్చేటప్పుడు పది అడుగుల తేడాకు కథలు అల్లకూడదు.

అడుగు 4: వాగులు ఎక్కడ మాయమవుతున్నాయో చూడండి

కొండల్లో కాంటూర్లు వాగును దాటేటప్పుడు వీ ఆకారంలో ఎగువకు, అంటే ఇక్కడ పడమరకు, చూస్తాయి. వాగు కొండ నోటినుంచి బయటపడగానే బొమ్మ తిరగబడుతుంది. కాంటూర్లు దిగువకు ఉబ్బిన విల్లుల్లా, ఒకదాని వెనక ఒకటి సమాన దూరంలో వస్తాయి. వాగు వేగం తగ్గగానే మోసుకొచ్చిన రాళ్లను అక్కడే దించేయడంతో ఏర్పడ్డ ఒండ్రు విసనకర్రలు అవి. లోయ పడమటి అంచంతా ఇవి ఒకదానితో ఒకటి కలిసిపోయి పొడవాటి వాలు నేలగా కనిపిస్తాయి. తూర్పున ఇన్యో వైపు ఇవి చిన్నవి, నిటారైనవి. అటు నీరు తక్కువ, దించే రాయీ తక్కువ. ఇప్పుడు నది ఎక్కడుందో చూడండి. లోయ మధ్యలో కాదు, తూర్పు వైపుకు జరిగి ఉంది. పడమటి విసనకర్రలు దాన్ని అటు నెట్టేశాయి.

1907 షీట్‌లో సిమ్స్, షెపర్డ్, బేర్స్, జార్జ్ లాంటి వాగుల మీద వేలుపెట్టి కిందికి రండి. కొన్ని నది దాకా పోతాయి. కొన్ని విసనకర్ర మధ్యలోనే ఆగిపోతాయి. గులకరాళ్ల నేలలో నీళ్లు ఇంకిపోతాయి. ఇంకిన నీరు విసనకర్ర పాదం దగ్గర ఊటగా మళ్లీ పైకొస్తుంది. అక్కడ ఊటల గుర్తులు, పచ్చికబయళ్లు, చిన్న చిన్న నల్ల చదరాలుగా ఇళ్లు వరసగా కనిపిస్తాయి.

ఊళ్ల పేర్లు చూడండి. బిషప్, బిగ్ పైన్, ఇండిపెండెన్స్, లోన్ పైన్. నాలుగూ తమ పేరే ఉన్న వాగు పక్కన ఉన్నాయి. నది ఒడ్డున కాదు, పడమటి వాగుల దిగువన. 395 హైవే కూడా ఆ వరస వెంటే పోతుంది.

ఇక్కడ మ్యాపు చెప్పనిది ఒకటుంది. తెల్లవాళ్లు రాకముందే ఇక్కడి ఆదివాసులైన పైయూట్ ప్రజలు బిషప్ ప్రాంతంలో వాగుల నీటిని కాలువలుగా మళ్లించి, తినే దుంపలున్న మైదానాలను తడిపేవారు. ఈ లోయకు వాళ్లు పెట్టుకున్న పేరు పయాహూనాదు, పారే నీటి నేల. 1862 జులై 4న ఇక్కడ సైన్యం శిబిరం వేసింది. 1863లో పైయూట్లలో చాలామందిని లోయ నుంచి తరిమి టెజోన్ కోటకు నడిపించారు. తర్వాత వచ్చిన పశువుల కాపరులు, రైతులు అదే నీటి మీద, కొన్నిచోట్ల అవే కాలువల మీద బతికారు. టోపో షీట్‌లో కాలువ కాలువే, తవ్వినవాడి పేరు ఉండదు. ఇంకా వెనక్కి వెళ్లాలంటే 1855-56లో వాన్ ష్మిట్ చేసిన సర్వే టౌన్‌షిప్ పటాలు, అమెరికా భూముల శాఖ బీఎల్ఎం పాత రికార్డుల సైట్‌లో వెతకండి.

అడుగు 5: భూకంపం గీత

లోన్ పైన్‌కు పడమర అలబామా హిల్స్ ఉన్నాయి. కాంటూర్లు ఇక్కడ చిన్న చిన్న మెలికలుగా, గజిబిజిగా ఉంటాయి. రాయి సియెర్రాలోని గ్రానైట్ లాంటిదే. ఎత్తు చాలా తక్కువ, ఎక్కువకాలం మట్టి కింద కుళ్లి గుండ్రాళ్లుగా మారింది. ఈ గుట్టల తూర్పు అంచు అనుమానం కలిగించేంత తిన్నగా ఉంటుంది. ప్రకృతిలో తిన్నని గీత కనిపిస్తే పగులు ఉందేమో అని అడగడం మంచి అలవాటు.

1872 మార్చి 26 తెల్లవారుజామున ఈ పగులు కదిలింది. లోన్ పైన్‌లో మట్టి ఇటుకల ఇళ్లు కూలి 27 మంది చనిపోయారు. ఊరికి పడమర ఇప్పటికీ సుమారు 20 అడుగుల ఎత్తున మట్టి గట్టు నిలబడి ఉంది. అది ఆ ఒక్క రాత్రి లేచింది కాదు, అంతకుముందు భూకంపాలూ కలిసి పెంచినది.

ఆ గట్టును మీ షీట్‌లో వెతకండి. 40 అడుగుల అంతరం ఉన్న షీట్‌లో 20 అడుగుల గట్టు రెండు కాంటూర్ల మధ్య దాక్కోగలదు. దొరకలేదంటే అది లేదని కాదు. కాంటూర్ అంతరం కన్నా చిన్నది ఏదైనా మ్యాపు జల్లెడలోంచి జారిపోతుంది. అందుకే పరోక్ష సాక్ష్యాలు చూడాలి: వరసగా ఊటలు, గీత వెంట ఒకే చోట వంపు తిరిగిన వాగులు, కారణం కనిపించని చిన్న చెరువులు. లోన్ పైన్‌కు దక్షిణంగా ఉన్న డియాజ్ లేక్ 1872లో నేల కుంగడం వల్లే పుట్టింది. అప్పటికీ నమ్మకం కుదరకపోతే విమానం నుంచి లేజర్‌తో నేలను కొలిచి తయారుచేసే యూఎస్‌జీఎస్ లైడార్ నీడ చిత్రం తెరవండి. అందులో గట్టు స్పష్టంగా కనిపిస్తుంది.

బిగ్ పైన్ దగ్గరి రెడ్ మౌంటెన్, క్రేటర్ మౌంటెన్ కూడా చూసి పోవచ్చు. గుండ్రటి వలయాలుగా ఉన్న కాంటూర్లు కనిపిస్తే అగ్నిపర్వత శంకువులని వెంటనే తెలిసిపోతుంది. లోపలికి చిన్న పళ్లున్న వలయం కనిపిస్తే గుంత అని అర్థం.

అడుగు 6: ఒకే కాంటూర్‌కు రంగు వేయండి

ఈ గైడ్‌లో ఒక్క అభ్యాసమే చేయగలిగితే ఇది చేయండి. సరస్సు చుట్టూ ఉన్న షీట్లలో 3,760 అడుగుల కాంటూర్ పట్టుకోండి. మీ షీట్‌లో ఆ గీత ఉంటే దాని వెంటే, లేకపోతే దాని పక్క రెండు గీతల మధ్య అంచనాగా, నీలం పెన్సిల్‌తో లోయ చుట్టూ తిరగండి. మంచుయుగంలో ఓవెన్స్ సరస్సు నిండి పొర్లిన మట్టం సుమారు అదే. భూకంపాలు నేలను కొంత పైకీ కిందికీ జరిపాయి కాబట్టి ఇది అంచనా గీతే.

గీసేకొద్దీ రెండు సంగతులు బయటపడతాయి. మొదటిది, ఈనాటి లోన్ పైన్ ఊరు నీలం గీత లోపల పడుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. దక్షిణాన ఒలాంచా దాటాక కాంటూర్లు ఇరుకై హైవీ అనే కనుమ కనిపిస్తుంది. నిండిన సరస్సు పొర్లింది అక్కడినుంచే. ఆ నీరు చైనా లేక్, సియర్ల్స్, పానమింట్ లోయల్లోకి ఒకదాని తర్వాత ఒకటిగా దిగింది.

హైవీ పేరు గుర్తుపెట్టుకోండి. వచ్చే అడుగులో మళ్లీ వస్తుంది.

అడుగు 7: కాంటూర్‌ను దాటని నీలం గీత

సహజమైన వాగు కాంటూర్లను అడ్డంగా దాటుతుంది, లేకపోతే దిగదు. కాంటూర్‌కు సమాంతరంగా మైళ్ల కొద్దీ సాగే నీలం గీత కనిపిస్తే అది మనిషి తవ్విందే.

1950ల షీట్ తెరవండి. ఇండిపెండెన్స్‌కు ఉత్తరాన ఓవెన్స్ నది నుంచి ఒక గీత చీలుతుంది. అదే లాస్ ఏంజెలెస్ అక్విడక్ట్, నగరానికి నీళ్లు తీసుకెళ్లే కాలువ. నగర నీటి శాఖ ఇంజనీరు విలియం మల్హోలాండ్ ఆధ్వర్యంలో 1908లో పని మొదలై 1913 నవంబర్ 5న నీళ్లు నగరం చేరాయి. 233 మైళ్ల పొడవునా పంపు అన్నది లేదు, అంతా వాలే. 1907 షీట్‌లో ఇది లేకపోవడమే ఆ షీట్ విలువ.

చీలిక దగ్గర ఎత్తు సుమారు 3,800 అడుగులు. ఇప్పుడు కాలువ వెంట దక్షిణానికి రండి. ఇండిపెండెన్స్ దగ్గర కాలువ ఊరికి తూర్పున ఉంటుంది. లోన్ పైన్ దగ్గర ఊరికి పడమర, అలబామా హిల్స్ పాదాల వెంట. కాలువ పక్క మార్చిందా? లేదు. ఇండిపెండెన్స్ 3,930 అడుగుల ఎత్తున ఉంది, అంటే కాలువకు పైన. లోన్ పైన్ 3,730, అంటే కాలువకు కింద. నది లోయ అడుగుకు దిగుతూ పోతుంటే, కాలువ తన ఎత్తు వదలకుండా పక్క వాలుకు అంటుకుని పోతుంది. మైలు మైలుకూ నదికీ కాలువకూ మధ్య ఎడం పెరుగుతుంది. చివరికి సరస్సు పడమటి ఒడ్డు మీద, సరస్సుకన్నా చాలా ఎత్తులో నడిచి, హైవీ రిజర్వాయర్‌లో పడుతుంది. మంచుయుగపు సరస్సు పొర్లిన కనుమే ఇంజనీర్లకూ తలుపు అయింది. లోయ నుంచి దక్షిణానికి పంపు లేకుండా బయటపడే దారి అదొక్కటే.

ఇప్పుడు అడుగు 4లో చూసిన వాగుల దగ్గరికి మళ్లీ రండి. 1907లో ఈ వాగులు ఆగితే కారణం గులకరాళ్ల నేల. కొత్త షీట్లలో చాలా వాగులు ఒకే గీత దగ్గర, అంటే అక్విడక్ట్ దగ్గర ఆగుతాయి. రెండు షీట్లలో ఆగిన చోట్లను రెండు రంగుల్లో చుక్కలు పెట్టండి. ఒక రంగు చుక్కలు చెదురుమదురుగా ఉంటాయి. రెండో రంగు చుక్కలు ఒక వరసలో నిలబడతాయి. నీటి హక్కుల మీద ఎన్ని వ్యాసాలు చదివినా ఆ వరస చెప్పినంత సూటిగా నాకు ఏదీ చెప్పలేదు.

ఇళ్ల గుర్తులూ లెక్కపెట్టండి. భూమితోపాటు నీటి హక్కులు కొనుక్కుంటూ నగరం 1930లు వచ్చేసరికి లోయలోని పొలాల్లో దాదాపు అన్నిటికీ యజమాని అయింది. రైతులు ఊరికే ఊరుకోలేదు. 1924 నవంబర్ 16న లోన్ పైన్‌కు ఉత్తరాన కాలువ మీదున్న అలబామా గేట్స్ అనే తూములను ఆక్రమించి, కాలువ నీటిని తిరిగి నదిలోకి వదిలేశారు. కాలువను డైనమైట్‌తో పేల్చిన ఘటనలూ ఉన్నాయి. షీట్‌లో ఆ గేట్ల దగ్గర ఒక చిన్న నీలం గీత నదివైపు దిగుతుంది, అంతే.

1970లో రెండో అక్విడక్ట్ వచ్చాక భూగర్భజలం తోడడం పెరిగి ఫిష్ స్ప్రింగ్స్ లాంటి పెద్ద ఊటలు ఎండిపోయాయి. షీట్ల మీద ఊట పేరు మాత్రం ఉంటుంది. పేరు ఉన్నచోట నీరు ఉందని నమ్మకండి.

అడుగు 8: సరస్సు రంగు మారడం

ఒక్కో తరం షీట్‌లో ఓవెన్స్ సరస్సును ఎలా చూపించారో చూడండి. మొదట 100 చదరపు మైళ్లకు పైగా నిండు నీలం. నది మళ్లింపు తర్వాత 1920ల నడిమికి సరస్సు ఎండిపోయింది. ఆ తర్వాతి షీట్లలో ఎండిన సరస్సు గుర్తు వస్తుంది. ఉప్పు, మట్టి కలిసిన ఆ నేల నుంచి లేచిన దుమ్ము అమెరికాలోనే అతి పెద్ద దుమ్ము కాలుష్యపు మూలాల్లో ఒకటైంది. 2001 నుంచి నగరమే ఆ నేలమీద నీళ్లు వదలాల్సి వచ్చింది. అందుకే ఇప్పటి ఉపగ్రహ చిత్రంలో తిన్నని అంచులున్న మడులు కనిపిస్తాయి.

తూర్పు ఒడ్డున కీలర్ అనే ఊరి వీధులు నీళ్లులేని ఒడ్డుకు వచ్చి ఆగుతాయి. పైన సెర్రో గోర్డో వెండి, సీసం గనులు. 1870లలో బెస్సీ బ్రేడీ అనే ఆవిరి పడవ ఈ సరస్సు మీద లోహపు కడ్డీలు మోసింది. పడమటి ఒడ్డున కాటన్‌వుడ్ బొగ్గు బట్టీల గుర్తు కూడా వెతకండి. ఆ బొగ్గు సరస్సు దాటి తూర్పున గనుల కొలుములకు పోయేది. బట్టీ ఒక ఒడ్డున, కొలిమి రెండో ఒడ్డున ఉండడానికి మధ్యలో నీళ్లుండడమే కారణం.

అడుగు 9: తిన్నని గీతలు, చదరాలు

నదికి తూర్పున ఊళ్లన్నిటికీ దూరంగా ఒక రైలు గీత పోతుంది. కార్సన్ అండ్ కొలరాడో నారోగేజ్ లైను, 1883లో కీలర్ దాకా వచ్చింది. ఊళ్లు పడమర ఉంటే రైలు తూర్పున ఎందుకు? దాని చూపు ఇన్యో గనుల మీద ఉంది. 1960లో మూతపడ్డాక పట్టాలు పీకేశారు, గట్టు మిగిలింది. కొత్త షీట్లలో పాత రైలు గట్టుగా తెగిన గీత కనిపిస్తుంది.

మాంజనార్ దగ్గర మాత్రం నిదానంగా ఆగండి. 1905 సర్వేలో ఆ ఊరు ఉండదు, ఎందుకంటే ఆపిల్ తోటల ఊరుగా అది మొదలైంది 1910లో. నీటి హక్కులు నగరానికి పోయాక ఖాళీ అయింది. 1942 మార్చి నుంచి 1945 నవంబర్ దాకా అదే నేలమీద జపనీస్ అమెరికన్ల నిర్బంధ శిబిరం నడిచింది. వాళ్లలో చాలామంది అమెరికా పౌరులే. 36 బ్లాకుల్లో ఒక దశలో పదివేలమందికి పైగా ఉన్నారు. అంటే లోయలోని ఏ ఊరికన్నా పెద్ద ఊరు. యుద్ధం ముగియగానే బారకాసులు విప్పి అమ్మేశారు. ఆ శిబిరం రెండు షీట్ల సర్వేల మధ్య పుట్టి పోయింది. టోపో షీట్లలో మిగిలేవి కొన్ని తిన్నని బాటలు, ఒంటరి ఆడిటోరియం భవనం, పక్కన విమానాశ్రయం. ఇలాంటి చోట షీట్ల ఏళ్లను ఒక గీత మీద పెట్టి, మధ్య ఖాళీల్లో ఏం జరిగిందో వేరే ఆధారాలతో నింపుకోవాలి. ఇక్కడైతే 1940ల విమానం ఫొటోలు పనికొస్తాయి.

బిషప్, బిగ్ పైన్, లోన్ పైన్ పక్కన రిజర్వేషన్ల, అంటే ఆదివాసులకు కేటాయించిన నేలల, సరిహద్దులు చిన్న చదరాలుగా ఉంటాయి. 1930ల చివర్లో నగరానికీ ప్రభుత్వానికీ మధ్య భూముల మార్పిడిలో వచ్చిన హద్దులవి. ఆ చదరాల విస్తీర్ణాన్ని లోయ విస్తీర్ణంతో పోల్చుకోండి.

పేర్లలోనూ పాత తగాదాలున్నాయి. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షపాతులు తమ యుద్ధనౌక అలబామా పేరు ఈ గుట్టలకు పెట్టారు. 1864లో ఆ నౌకను ముంచిన ఉత్తరాది నౌక కీర్సార్జ్. దాంతో ఉత్తరాది పక్షపు గనివాళ్లు ఇండిపెండెన్స్ పైన ఒక శిఖరానికీ కనుమకూ ఆ పేరు పెట్టి బదులు తీర్చుకున్నారు.

అడుగు 10: పరచి పోల్చడం, తర్వాత నేల మీద చూడడం

జియోటిఫ్‌లను క్యూజిఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, పై పొరను సగం పారదర్శకం చేయండి. పాత షీట్లు నాడ్ 27 అనే కొలత చట్రంలో, కొత్తవి నాడ్ 83లో ఉంటాయి. కాలిఫోర్నియాలో ఆ తేడా వంద మీటర్ల దాకా వస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు సరైన చట్రం చెప్పకపోతే రోడ్డు జరిగినట్టు కనిపిస్తుంది. 1907 షీట్‌కైతే ఆ చట్రం కూడా లేదు. వందల మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు. రెండు షీట్లలోనూ మారని కొండ శిఖరాలను ఆనవాలుగా పెట్టుకుని సర్దాలి. నది మెలికలను ఆనవాలుగా పెట్టుకోకండి, అవి నిజంగానే కదులుతాయి.

నేల మీద చూడడానికి అక్టోబర్ నుంచి ఏప్రిల్ మధ్య వెళ్లండి. జులైలో లోయ అడుగు ఎండ భరించలేం. కొండల దగ్గర ఫోన్ సిగ్నల్ నమ్మదగ్గది కాదు కాబట్టి షీట్లు ముందే దించుకోండి, ముఖ్యమైనవి అచ్చు వేసుకోండి. లోయలో ఎక్కువ నేల లాస్ ఏంజెలెస్ నీటి శాఖదే. చాలాచోట్ల నడవనిస్తారు గానీ పశువుల గేటు మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచి వదలాలి.

మొదటి రోజుకు మూడు చోట్లు చాలు. లోన్ పైన్ పడమర గట్టు, దాని పక్కనే కాలువ. ఉత్తరాన 1872 భూకంపంలో చనిపోయినవాళ్ల ఉమ్మడి సమాధి, అది హైవే పక్కనే ఉంది. ఆ తర్వాత మాంజనార్, అది 1992 నుంచి జాతీయ చారిత్రక స్థలం, అక్కడ మ్యూజియం కూడా ఉంది. టైముంటే నది దాకా వెళ్లండి. 2006 డిసెంబర్‌లో అక్విడక్ట్ చీలిక నుంచి కిందికి 62 మైళ్ల పాత నదీమార్గంలోకి మళ్లీ నీళ్లు వదిలారు. మీ దగ్గరున్న షీట్ అంతకుముందుదైతే, ఆ గీత మీద మీ పెన్సిల్‌తో తేదీ వేసి సరిదిద్దుకోండి.